ఉత్తరానికీ అనుమతి కావాలి

2017లో మొదలైన బతుకమ్మ చీరల ఆర్డరు సిరిసిల్ల మరమగ్గాలకు ఊపిరి పోసింది. 2024లో అది ఆగిపోగా ఎన్నో మగ్గాలు మూగపోయాయి. ఒకే కొనుగోలుదారును నమ్ముకొనుట ఎంత ప్రమాదమో అప్పుడు తెలిసివచ్చింది. ఇక మన వస్త్రం తన కొనుగోలుదారులను తానే వెదకుకొనవలె. అందుకు స్వల్పవ్యయ సాధనం ఈమెయిలు.

అయితే పంపిన ఉత్తరాలన్నీ ఇన్‌బాక్సుకు చేరవు. అనేకం స్పామ్ అరలో పడి నశిస్తాయి. దోషం యంత్రానిదని పలువురి ఫిర్యాదు. పంపినవారిదేనని నా అభిప్రాయం. 1978లో అమెరికాలో ఒక కంప్యూటర్ కంపెనీ ఉద్యోగి సుమారు 400 మందికి వారడగని ప్రకటన పంపాడు. నాటి ఆ జాడ్యం ముదిరినందుననే నేడీ కట్టడి. జీమెయిల్ ఖాతాలకు రోజుకు 5,000కు మించి ఉత్తరాలు పంపేవారికి 2024లో గూగుల్ నిబంధనలు విధించింది. పంపినది తామేనని ఋజువు చేసే ఎస్.పి.ఎఫ్., డి.కె.ఐ.ఎం., డి.మార్క్ అనే ముద్రలుండాలి; వద్దనుకొన్నవారు మీట నొక్కి తప్పుకొనగలగాలి; స్పామ్ ఫిర్యాదులు 0.3 శాతానికి చేరరాదు.

అనుమతి కోరి, సలాము చెప్పి గాని పరుల ఇంట అడుగిడరాదన్నది ఖురాన్ మనకు నేర్పిన మర్యాద. ఉత్తరానికీ అదే వర్తిస్తుంది. చిరునామాల జాబితాలు కొనరాదు. కోరినవారికే పంపాలి. ఏనాడూ తెరువనివారిని తొలగించాలి. శీర్షికలో ఒకటి, లోపల మరొకటి ఉండరాదు.

విద్యార్థులారా! జగిత్యాల, కోరుట్ల బజారులలో రేపు దుకాణాలు నడిపేది మీరే. అడగని వేయిమందికన్న అడిగిన వందమంది మేలు. కామర్సు తరగతులలో ఈ విద్యకు చోటు కల్పించవలసినదిగా కళాశాల కమిటీ వారికి నా మనవి.