ఎగిరితే కొండలు కనిపించాయి!

పెద్ద లోగిలి. చుట్టూ ఎత్తయిన ప్రహరీ. లోపల ఆడవాళ్లకో వాకిలి, మగవాళ్లకో వాకిలి. పన్నెండేళ్ల జేడ్ బ్లాసమ్‌కి తెలిసిన ప్రపంచమంతా ఆ ఆడవాళ్ల వాకిలే. కుట్టుపని, ఇంటిపని, మధ్యమధ్య కాస్త అల్లరి. మగపిల్లలు చదువుకుంటారు, వీధిలోకి వెళ్తారు. తను మాత్రం గడప దాటకూడదు. దాటేది ఒక్కసారే... పెళ్లయి అత్తారింటికి వెళ్లే రోజున!

'సీ-సా గర్ల్' అనే పిల్లల నవల ఆ ఇంట్లోనే మొదలవుతుంది. కాలం పదిహేడో శతాబ్దం. ఊరు కొరియా రాజధాని సియోల్. సీ-సా అంటే పార్కుల్లో పిల్లలు చెరోవైపు కూర్చుని ఊగే బల్ల. ఈ కథలో మాత్రం దానిమీద కూర్చోరు, నిలబడతారు. ఎందుకో తెలియాలంటే జేడ్‌తోపాటు గోడ దాటాల్సిందే.

జేడ్‌కి ప్రాణస్నేహితురాలు విల్లో. వరసకు అత్త అయినా ఆటల్లో జోడీ. ఆ విల్లోకి పెళ్లవుతుంది. పల్లకీ వెళ్లిపోతుంది. ఒంటరితనం భరించలేని జేడ్, ఎవరికీ తెలియకుండా ఇల్లు దాటుతుంది. అప్పుడు చూస్తుంది మొదటిసారి... బజారు సందడిని, ఆకలితో చేయిచాచే బిచ్చగాళ్లను, దూరంగా కొండల్ని. బందీలుగా వెళ్తున్న వింత రంగు జుట్టు మనుషుల్నీ!

ఆ బందీల ముచ్చట పూర్తిగా కల్పన కాదు. 1653లో ఓ డచ్చి ఓడ కొరియాకు దక్షిణాన ఉన్న జెజు దీవి దగ్గర బద్దలైంది. 36 మంది బతికి బయటపడ్డారు. పరాయివాళ్లు దేశం విడిచి వెళ్లకూడదన్నది అప్పటి రాజుగారి నియమం. పదమూడేళ్ల తర్వాత, 1666లో ఎనిమిది మంది పడవలో జపాన్‌కి తప్పించుకున్నారు. వాళ్లలో ఒకడైన హెండ్రిక్ హామెల్ రాసిన వివరాలతో యూరప్‌కి కొరియా గురించి వివరంగా తెలిసింది. దేశం చుట్టూ ఓ గోడ, ఆ దేశంలోని ఇంటి చుట్టూ మరో గోడ అన్నమాట.

ఏడేళ్లు నిండితే...

1392లో మొదలైన చోసన్ రాజుల పాలనలో కన్‌ఫ్యూషియస్ బోధనలే కొలమానం. ఏడేళ్లు నిండిన ఆడపిల్లా మగపిల్లాడూ పక్కపక్కన కూర్చోకూడదన్నది అందరి నోటా ఉండే మాట. 'యాంగ్‌బాన్' అనే పెద్దింటి కుటుంబాల్లో ఇల్లే రెండుగా ఉండేది. లోపలి భాగం 'అన్‌చే' ఆడవాళ్లది, బయటి భాగం 'సరాంగ్‌చే' మగవాళ్లది. అతిథులూ పుస్తకాలూ చర్చలూ అన్నీ బయటే. కొలువు పరీక్షలకు కావాల్సిన చైనా లిపి మగపిల్లలకు. 1446లో సెజోంగ్ రాజు ప్రకటించిన తేలికైన కొరియా లిపిని చాలామంది పండితులు చిన్నచూపు చూశారు. ఆడవాళ్లు మాత్రం దాన్ని అందిపుచ్చుకున్నారు. వాళ్ల ఉత్తరాలూ కథలూ ఆ లిపిలోనే నడిచాయి.

అయితే ఈ కట్టడి అందరికీ ఒకేలా లేదు. రైతుల పిల్లలు పొలానికి వెళ్లాల్సిందే, దాసీలు బజారుకు వెళ్లాల్సిందే. గోడల మధ్య ఉండటం గొప్పింటి గుర్తు. ఆకలి తెలియని జేడ్‌కి వీధి తెలియదు. వీధి తెలిసిన బిచ్చగాళ్లకు కడుపు నిండదు. లిండా స్యూ పార్క్ ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి ఊరుకుంటారు. ఎవరిది ఎక్కువ కష్టమో చెప్పరు.

1960లో అమెరికాలోని ఇల్లినాయ్‌లో పుట్టారామె. అమ్మానాన్నలు కొరియా నుంచి వెళ్లినవాళ్లు. పెద్దింటి ఆడపిల్లలు పెళ్లయ్యేదాకా ఇల్లు కదలరన్న సంగతిని చిన్నప్పుడో కొరియా కథల పుస్తకంలో చదివారు. అది మనసులోంచి పోలేదు. ఇద్దరు పిల్లల తల్లి అయ్యాక, 1999లో ఆమె మొదటి నవలగా బయటికొచ్చింది. మూడేళ్లకే, 2002లో, 'ఎ సింగిల్ షార్డ్' అనే మరో నవలకు అమెరికాలో పిల్లల సాహిత్యానికిచ్చే ప్రఖ్యాత న్యూబెరీ పతకం అందుకున్నారు.

తలుపు తెరుచుకోలేదు!

అంత సాహసం చేసి వెళ్లిన జేడ్‌కి విల్లో కనిపించదు. ఆమె ఇప్పుడు ఒకింటి కోడలు. చూడనని కబురు పంపుతుంది. సినిమాల్లో అయితే ఇక్కడ ఓ తిరుగుబాటు ఉండేది. జేడ్ మాత్రం ఇంటికే తిరిగొస్తుంది. కానీ కొండల్ని చూసిన కళ్లు ఊరుకుంటాయా? ఓ పొడవాటి చెక్క, దానికింద నడుమ ఓ ఎత్తు. ఇటు ఒకరు దూకితే అటు నిలబడ్డవాళ్లు గాల్లోకి లేస్తారు. రెప్పపాటులో గోడ అవతల... అవే కొండలు!

కొరియాలో ఈ ఆట నిజంగానే ఉంది. పేరు 'నోల్‌త్విగి'. గడ్డిమోపు మీద బల్ల వేసి, కొత్త సంవత్సరం పండక్కి అమ్మాయిలు ఎగురుతారు. గోడ అవతల లోకాన్ని చూడటానికే ఇది పుట్టిందని అక్కడివాళ్లు చెప్పుకుంటారు.

'మరి జేడ్ పారిపోలేదేం?' ఈ నవల చదివిన ఏ పిల్లయినా అడిగే ప్రశ్నే ఇది. ఆ కాలంలో పారిపోతే ఎక్కడికెళ్లాలి? గోడ కూలిందని రాస్తే పిల్లలు చప్పట్లు కొడతారు, కానీ అది అబద్ధమవుతుంది. ఉన్న గోడను ఉన్నట్టే చూపించి, ఎగరడమెలాగో చెప్పడమే ఈ పుస్తకం గొప్పతనం.

కొరియా సీరియళ్లు మన ఇళ్లలోకీ వచ్చేశాయి. వాటిలో పట్టుబట్టల రాకుమార్తెల్ని చూసి మురిసే అమ్మాయిలకు ఈ నవల చదివి వినిపించొచ్చు. ఆ తర్వాత ఇంట్లో నానమ్మో అమ్మమ్మో ఉంటే ఓ ప్రశ్న అడిగించండి. 'నీ చిన్నప్పుడు నిన్ను ఎంత దూరం వెళ్లనిచ్చేవాళ్లు?' అని. జవాబు ఓ పూటంతా పట్టొచ్చు!