పట్టా ఆమెది, పెత్తనం ఎవరిది?

"భూమి మీద పెట్టిన పైస ఎటూ పోదు" అన్న మాట కరీంనగర్, జగిత్యాల, నిర్మల్, మంచిర్యాల పట్నాల్లో వెంచర్ల ఏజెంట్లందరి నోటా వింటున్నాం. మన మహిళా సంఘాల సమావేశాల్లో కూడా ఆ మాటను విమర్శ లేకుండా ఒప్పుకుంటున్నాం. పైగా ప్లాటు గాని, కిరాయి ఇల్లు గాని స్త్రీ పేరున ఉంటే చాలు, ఆస్తిహక్కు వచ్చేసినట్టేనని సంబరపడుతున్నాం. పైస పోదన్నది అబద్ధం. పోయినప్పుడు ఎవరిది పోతుందన్నదే అసలు ప్రశ్న.

దుబాయి, మస్కట్ పోయిన మగవాళ్ళు పంపిన డబ్బు, ఇక్కడ ఆడవాళ్ళు బీడీలు చుట్టి చిట్టీలు కట్టి కూడబెట్టిన డబ్బు ఈ ప్రాంతంలో ప్లాట్లుగా మారాయి. బేరమాడేది మాత్రం మరిదో, బావో, మధ్యవర్తో. ఆమె పని సంతకం పెట్టడం. పంట భూమిని గజాల లెక్కన కోసి, లేఅవుట్ అనుమతి లేకుండా అమ్మిన వెంచర్లు ఎన్నో ఉన్నాయి. అలాంటి ప్లాట్లను ఎల్.ఆర్.ఎస్. కింద రుసుము కట్టి క్రమబద్ధం చేసుకొమ్మని 2020లో ప్రభుత్వం చెప్పింది. 2025లో ఆ రుసుములో 25 శాతం రాయితీ ఇచ్చింది. మిగిలింది కట్టవలసింది కొన్నామె, అమ్మినవాడు కాదు! జీపీఏ మీద కొన్నవాళ్ళ గతి ఇంకా అన్యాయం. జీపీఏతో యాజమాన్యం రాదని సుప్రీంకోర్టు 2011లోనే స్పష్టం చేసింది. నోటరీ ముద్ర చూసి నమ్మిన బీడీ కార్మికురాలిని "చదువు లేక మోసపోయింది" అంటారు. అవే కాగితాల మీద కొన్న ఉద్యోగస్తుణ్ణి మాత్రం "పెట్టుబడిలో నష్టపోయాడు" అంటారు.

సరే, రిజిస్ట్రేషను సక్రమంగా ఆమె పేరునే అయిందనుకుందాం. అసలు దస్తావేజు ఎవరి బీరువాలో ఉంది? నెలనెలా కిరాయి ఎవరి చేతిలో పడుతోంది? కిరాయిదారు ఖాళీ చేస్తే అడ్వాన్సు తిరిగి ఇమ్మని నిలదీసేది ఆమెను. ఇంటిపన్ను బాకీ నోటీసు వచ్చేది ఆమె పేరున. ఇంటిని బ్యాంకులో కుదువబెడితే సంతకం ఆమెది, అప్పు భర్త వ్యాపారానిది. వాయిదాలు తప్పితే 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద బ్యాంకు కోర్టుకు పోకుండానే ఆ ఇంటిని స్వాధీనం చేసుకోగలదు. స్త్రీ తన ఆస్తికి సంపూర్ణ యజమాని అని 1956 నాటి హిందూ వారసత్వ చట్టం 14వ సెక్షను చెబుతున్న మాట నిజమే. కాని "నా సొమ్ముతో కొన్నాను, పేరు మాత్రమే ఆమెది" అని భర్త దావా వేసే దారిని 1988 నాటి బేనామీ చట్టం గాని, దాని 2016 సవరణ గాని పూర్తిగా మూయలేదు. ఇంకొక సంగతి. పిల్లలు లేని వితంతువు వీలునామా రాయకుండా చనిపోతే, ఆమె రెక్కల కష్టంతో కొన్న ఇల్లు కూడా ముందు భర్త వారసులకే పోతుంది. కన్నతల్లి వంతు ఆ తర్వాతే.

ఈ పేరు మోసం నగ్నంగా కనబడేది ఆదిలాబాద్ ఏజెన్సీలో. షెడ్యూల్డు ప్రాంతంలో భూమిని గిరిజనేతరులకు బదలాయించడాన్ని 1/70 చట్టం నిషేధించింది. దాన్ని తప్పించుకోవడానికి గిరిజనేతరుడు పెళ్ళి పేరుతోనో, పెళ్ళి లేకుండానో ఆదివాసీ స్త్రీతో ఉంటూ ఆమె పేరున భూమి కొంటాడు. దాని మీద గదులు, దుకాణాలు లేపుతాడు. కిరాయి అతనికి, కేసు ఆమెకు. దీన్ని ఆదివాసీ సంఘాలు భూమి అన్యాక్రాంతం అంటాయి. మనం కుటుంబ వ్యవహారమని ఊరుకుంటాం! 1/70 వల్ల పేద గిరిజనేతర స్త్రీలు నష్టపోతున్నారు కనుక సడలించాలనే వాదన కూడా విన్నాను. బొగ్గు పట్నమైన మందమర్రి కూడా ఏజెన్సీలోదే. అక్కడ ఇల్లు కొన్న కార్మికుని భార్య నష్టం నిజం. దోషి చట్టం కాదు, తెలిసీ అమ్మినవాడు.

ఎందరి పేరున పట్టాలు వచ్చాయని నివేదికల్లో రాసుకుంటే సరిపోదు. అసలు దస్తావేజు ఎందరి దగ్గరుందో, కిరాయి ఎవరి ఖాతాలో పడుతోందో కూడా అడగాలి. పొదుపు సంఘం అప్పు ప్లాటు బయానాకు పోకముందే ఈసీ, లింకు దస్తావేజులు, లేఅవుట్ నంబరు చూడాలి. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఆమె పక్కన సంఘం నుంచి ఒకరు కూర్చుని, సంతకానికి ముందు కాగితమంతా చదివి వినిపించాలి. ఆలస్యమవుతోందని ఏజెంటు విసుక్కుంటాడు. విసుక్కోనివ్వండి.