పుస్తకాలిచ్చే చేతికి పెత్తనం ఎప్పుడు?

ఏటా నవంబరు 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు జరుగుతాయి. వేదిక మీద పూలదండలు, పిల్లలకు వ్యాసరచన పోటీలు, చివరి రోజున బహుమతులు. ఈసారి మీ ఊరి సభకు వెళ్తే ఒక్క విషయం గమనించండి. మైకు ముందు ఎవరున్నారు? బహుమతుల పళ్ళెం పట్టుకుని పక్కన ఎవరు నిలబడ్డారు? చాలాచోట్ల ఆ పళ్ళెం పట్టుకున్నావిడే అక్కడి లైబ్రేరియన్. ఏడాది పొడుగునా తాళం తీసేదీ, పేపర్లు సర్దేదీ, పోటీ పరీక్షలకు చదువుకునే పిల్లలకు చోటు చూపించేదీ ఆవిడే. అయితే ఆ గ్రంథాలయం రేపు ఎలా ఉండాలో చెప్పమని మాత్రం ఆవిడను ఎవరూ అడగరు.

ఈ వృత్తిలో రేపటి నాయకులు ఎక్కడినుంచి వస్తారన్న ప్రశ్న గ్రంథాలయ రంగంలో తరచుగా వినిపిస్తూనే ఉంటుంది. నాకైతే అది ముఖ్యంగా ఆడవాళ్ళ ప్రశ్నగానే కనిపిస్తుంది. ఆడపిల్లకు నీడపట్టున ఉండే ఉద్యోగమంటూ పెద్దవాళ్ళు మెచ్చుకునే వాటిలో టీచరు ఉద్యోగం తర్వాత ఇదే. పెళ్ళయి, పిల్లలు పుట్టాక అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో ఈ కోర్సు చదివినవాళ్ళు నాకు తెలిసినవాళ్ళలోనే ముగ్గురున్నారు. నీడపట్టు సరే. ఎదుగుదల మాటేమిటి?

నిజానికి ఈ చదువు పుట్టినప్పటినుంచీ ఆడవాళ్ళున్నారు. మన గ్రంథాలయాల్లో పుస్తకాల వీపు మీద కనిపించే నెంబర్ల పద్ధతి కనిపెట్టిన మెల్విల్ డ్యూయీ, 1887లో న్యూయార్కులోని కొలంబియా కాలేజీలో లైబ్రరీ స్కూలు పెట్టాడు. మొదటి ఏడు చేరిన 20 మందిలో 17 మంది స్త్రీలే. వాళ్ళను చేర్చుకోవద్దని కాలేజీ పెద్దలు అడ్డం తిరిగినా ఆయన వినలేదు. ఎంత మంచివాడో అనుకునేరు! ఆడవాళ్ళయితే తక్కువ జీతానికి శ్రద్ధగా పనిచేస్తారన్న లెక్క కూడా అందులో ఉంది. (స్త్రీలతో ఆయన ప్రవర్తన, ఆయన జాతి వివక్ష కారణంగా 2019లో అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్ తమ పతకానికి ఆయన పేరు తీసేసింది. చాలా ఆలస్యంగానే లెండి.) 1876లో పుట్టిన ఆ సంఘానికి థెరిసా ఎల్మెండార్ఫ్ అనే మహిళ మొదటిసారి అధ్యక్షురాలయ్యేసరికి 1911 వచ్చింది. 1800లో ఏర్పడిన లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ పగ్గాలు మొదటిసారి ఒక స్త్రీ, కార్లా హేడెన్, అందుకున్నది 2016లో! పదేళ్ళ పదవీకాలం పూర్తికాకుండానే 2025 మే నెలలో ఆమెను ఒక ఈమెయిల్‌తో తీసేశారు. లైబ్రేరియన్లలో పదిమందికి ఎనిమిదిమంది స్త్రీలే ఉన్న దేశం సంగతి ఇది.

మన దగ్గర మొదలు వేరేగా ఉంది. 1914 ఏప్రిల్‌లో బెజవాడలో మొదటి ఆంధ్రదేశ గ్రంథాలయ మహాసభ జరిగింది. చిలకమర్తి లక్ష్మీనరసింహంగారు అధ్యక్షులు. దాన్ని జరిపించిన అయ్యంకి వెంకటరమణయ్యగారికి అప్పటికి పాతికేళ్ళు కూడా నిండలేదు. గ్రంథాలయశాస్త్రంలో పట్టా లేదు, పైనుంచి వచ్చిన ఆర్డరూ లేదు. 1935లో పాతూరి నాగభూషణంగారు గుంటూరు జిల్లా పెదపాలెంలో పుస్తకాలను పడవకెక్కించి కాలువ గట్టు పల్లెలకు పంపారు. అది ఆయన సొంత ఆలోచన. తప్పయినా ఒప్పయినా నిర్ణయం వాళ్ళది, జవాబుదారీ కూడా వాళ్ళదే. అలా పనిలో పడే వాళ్ళు నాయకులయ్యారు.

1960లో గ్రంథాలయ చట్టం వచ్చింది. ఇంటిపన్ను మీద రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను, జిల్లాకో గ్రంథాలయ సంస్థ, సిబ్బందికి జీతాలు - ఇవన్నీ ఆ చట్టం పుణ్యమే, కాదనను. అయితే సంస్థకు చైర్మన్‌ను ప్రభుత్వం నామినేట్ చేస్తుంది. మన రాష్ట్రాల్లో నామినేటెడ్ పదవి అంటే ఏమిటో మీకు చెప్పక్కర్లేదు. ప్రభుత్వం మారితే చైర్మన్ మారతాడు. ఒక్కోసారి ఆ కుర్చీ నెలల తరబడి ఖాళీగా ఉంటుంది. ఇరవై ఏళ్ళు పుస్తకాల మధ్య గడిపిన లైబ్రేరియన్ ఆ కుర్చీకి చేరే దారి ఎక్కడా కనిపించదు.

గోదావరి జిల్లాల్లో ఒక శాఖా గ్రంథాలయంలో పనిచేస్తున్న ఒకావిడతో ఈ విషయమే మాట్లాడాను. డ్యూటీ పొద్దున్న 8 నుంచి 11 దాకా, మళ్ళీ సాయంత్రం 4 నుంచి 7 దాకా. అంటే సరిగ్గా వంటింట్లో పొయ్యి వెలగాల్సిన వేళలు! సెలవు శుక్రవారం. భర్తకూ పిల్లలకూ ఆదివారం. ఇది చాలదన్నట్టు పక్క ఊరి శాఖకు కూడా ఆవిడే ఇన్‌చార్జి. "ట్రైనింగులకు వెళ్ళమంటారండీ, వెళ్తే రెండు ఊళ్ళలో తాళాలు పడతాయి" అందావిడ. నన్ను ఆలోచింపజేసింది ఆ మాట కాదు, తర్వాత చెప్పింది. "మా దగ్గరికి వచ్చే ఆడవాళ్ళు వంటల పుస్తకాలు అడుగుతారని పైవాళ్ళు అనుకుంటారు. వాళ్ళు అడిగేది గ్రూప్-2 గైడ్లు, టెట్ మెటీరియల్, పిల్లలకు ఇంగ్లీషు కథలు. ఏ పుస్తకాలు కావాలని నన్నెవరైనా అడిగితే కదా చెప్పడానికి!"

పాఠకుల నాడి తెలిసిన మనిషికి పుస్తకాలు ఎంచే అధికారం లేదు. కోర్సులోనైనా నేర్పిస్తారా అంటే వర్గీకరణ, కేటలాగు, కంప్యూటరు బాగానే చెబుతారు. నిర్వహణ మీద పేపరూ ఉంది. అయితే వసూలుచేసిన గ్రంథాలయ పన్ను సంస్థకు జమ చెయ్యకుండా మునిసిపాలిటీ ఏళ్ళకేళ్ళు నానబెడుతుంటే, కమిషనరు గదిలోకి వెళ్ళి ఎలా మాట్లాడాలో ఏ పేపర్లో ఉంది?

రంగనాథన్‌గారి కథ ఇక్కడ చెప్పుకోవాలి. 1924లో మద్రాసు విశ్వవిద్యాలయం లైబ్రేరియన్‌గా చేరేనాటికి ఆయన లెక్కల మాస్టారు. కొద్ది రోజులకే విసుగెత్తి, మళ్ళీ పాఠాలు చెప్పుకోవడానికి పంపెయ్యమన్నారట. ముందు లండన్ వెళ్ళి చూసిరా, తర్వాత నీ ఇష్టం అన్నారు పెద్దలు. అక్కడ నెలల తరబడి లైబ్రరీలు తిరిగి చూసి, 1925లో పూర్తిగా వేరే మనిషై తిరిగొచ్చారు. 1929 కల్లా తానే మద్రాసులో శిక్షణ తరగతులు మొదలుపెట్టించారు. అంతటి మహానుభావుడిలో నాయకుణ్ణి నిద్రలేపింది కూడా ఆ కొన్ని నెలల అవకాశం, వెనక జీతమిచ్చి పంపిన సంస్థ. మన శాఖా గ్రంథాలయం అమ్మాయిని లండన్ పంపనక్కర్లేదు. పక్క రాష్ట్రానికి పంపారా ఎప్పుడైనా?

అమెరికాలో 2007 నుంచి ఉద్యోగంలో కొత్తగా చేరినవాళ్ళను ఎంచి, జట్లుగా చేసి, తలో ప్రాజెక్టు అప్పగించి, పెద్ద సభలో దాన్ని వివరించమనే పద్ధతి నడుస్తోంది. అప్పగించడం అన్నదే అందులో అసలు సుగుణం. గేట్స్ ఫౌండేషన్ కూడా కొంతకాలం మన దేశంతో సహా చాలా దేశాల్లో యువ లైబ్రేరియన్ల శిక్షణకు డబ్బిచ్చింది. 2018తో ఆ ఫౌండేషన్ తన గ్రంథాలయాల విభాగాన్నే మూసేసింది. దాత సొమ్ము దాత ఇష్టం. మన పన్ను అలా కాదు కదా!

కేరళలో 1989 చట్టం ప్రకారం గ్రంథాలయ మండలికి ఎన్నికలు జరుగుతాయి. గ్రంథాలయాలు నడిపేవాళ్ళే ప్రతినిధులను ఎన్నుకుంటారు. అక్కడ పుస్తకాల సంచీ భుజాన వేసుకుని ఇంటింటికీ వెళ్ళి ఆడవాళ్ళకు పుస్తకాలిచ్చే మహిళా లైబ్రేరియన్లు కూడా ఉన్నారు. వాళ్ళకు దొరికే భత్యం ఏపాటిదన్నది వేరే సంగతి. ఎన్నికల్లోనూ రాజకీయాలుంటాయి, నిజమే. అయినా ఓటడగాలంటే కనీసం గ్రంథాలయం గడప తొక్కాలి.

మన దగ్గర చట్టం మారేదాకా ఆగాలా? నా ఉద్దేశంలో అక్కర్లేదు. ప్రతి శాఖకూ ఏటా కొంత సొమ్ము కేటాయించి, దానితో ఏ పుస్తకాలు కొనాలో అక్కడి లైబ్రేరియనే తేల్చుకోవచ్చంటే సగం శిక్షణ అయిపోయినట్టే. తప్పులు చేస్తుంది, చెయ్యనివ్వండి. పాతికేళ్ళ అయ్యంకిగారు చెయ్యలేదా? జిల్లా కార్యదర్శి దగ్గర ఆర్నెల్లు బడ్జెట్టు పని నేర్చుకోవడానికి ఒక్కొక్కరినే పంపొచ్చు. ఆ ఆర్నెల్లూ ఆవిడ స్థానంలో మరొకరిని వెయ్యాలి, తాళం వెయ్యకూడదు. ఇక్కడే అసలు చిక్కు. ఖాళీ పోస్టులు నింపకుండా నాయకత్వ శిక్షణ గురించి మాట్లాడితే, ఉన్న ఆవిడ నెత్తిన మరో బరువు పెట్టడమే అవుతుంది.

ఇందులో మనకేం పని అనుకుంటున్నారా? ఇంటిపన్ను రసీదు ఒకసారి బయటికి తీయండి. గ్రంథాలయ పన్ను ఎంత కట్టారో లెక్క చూడండి. ఆ డబ్బు జిల్లా సంస్థకు చేరిందో లేదో మునిసిపాలిటీలో అడగండి, సమాచార హక్కు కింద అయినా సరే. తర్వాత మీ వీధి గ్రంథాలయానికి వెళ్ళి, ఈ ఏడాది పుస్తకాలు ఎంచింది ఎవరని లైబ్రేరియన్‌నే అడగండి. ఆవిడ చెప్పేది వినడానికి కాస్త తీరిక చేసుకుని మరీ వెళ్ళండి.