ఇంటి ఆనవాలు

పల్నాటి పల్లెలలో ఒకరి యిల్లు కనుగొనుటకు ఒకప్పుడు కాగితముతో పనిలేకుండెను. మాచర్ల బస్సు దిగి, రచ్చబండపై కూర్చున్న పెద్దనడిగినచో, ఆయన ఆ యింటివారి తాతపేరు చెప్పి, వారి యాడపడుచుల నేయే యూళ్ళకిచ్చిరో చెప్పి, మనలను గడపదాక దిగవిడిచి మఱలెడివాడు. మన యింటిపేర్లలో అనేకములు ఊరిపేర్లే యగుటను బట్టి, మనుష్యుని పేరును అతని నెలవును మన పూర్వులు వేఱుచేసి తలంపలేదని తోచును.

నేడా సాక్ష్యము నోటినుండి కాగితమునకు మాఱినది. స్వదేశమున పాస్‌పోర్టు కోరువారు తమ నివాసమునకు ప్రమాణముగా ఆధార్, ఓటరు కార్డు, కరెంటు బిల్లు, నీటి బిల్లు, గ్యాస్ కనెక్షను పత్రము, ఫోటో గల బ్యాంకు పాస్‌బుక్కు, రిజిస్టరైన అద్దె ఒప్పందము మున్నగువానిలో నొకటి చూపవలెను. మనమున్న అమెరికాలో 2005 నాటి రియల్ ఐడీ చట్టము ననుసరించిన లైసెన్సునకు నివాసమును తెలుపు పత్రములు రెండు కావలెను. 2025 మే 7 నుండి దేశీయ విమానప్రయాణములకు ఆ చట్టము అమలులోనికి వచ్చినది. కొత్తగా వచ్చిన విద్యార్థులకు మొదట ఎదురగు చిక్కు ఈ నివాసపత్రములదే యని ఇక్కడి మన సంఘసభ్యులందఱు ఎఱుగుదురు.

అయినను నేను చెప్పదలచినది మన యిక్కడి కాగితములను గూర్చి కాదు, మనము వెనుక విడిచి వచ్చిన యింటి కాగితములను గూర్చి. నా తల్లి కొన్నాళ్ళు హైదరాబాదులో మా చెల్లెలి యింటనుండి, గురజాల ప్రక్కనున్న మా యూరికి తిరిగిపోయి, ఆధార్‌లో చిరునామా మార్పించుకొనబోయినప్పుడు, కరెంటు బిల్లు నా తాతగారి పేరను, పంచాయతీ యింటిపన్ను రసీదు గతించిన నా తండ్రి పేరను ఉన్నట్లు తెలిసినది. కోడలై వచ్చి ఏబది యేండ్లుగా దీపము పెట్టుచున్న యింట ఆమె యున్నదని చెప్పు కాగితము ఒక్కటియు లేకపోయెను. అడిగిన కార్యాలయమువారి లోపమేమియు లేదు. చదువుకొని దేశాంతరములు తిరిగిన కొడుకు, తల్లి పేరు తన యింటి కాగితములలో నెక్కడ నున్నదని ఒక్కనాడైనను చూడకపోవుటయే లోపము.

ఇట్టి చిక్కులు మన ప్రాంతమున మఱికొన్ని గలవు. 2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రముగా పల్నాడు జిల్లా యేర్పడినది కావున, పాత పత్రములలో గుంటూరు జిల్లాయని, కొత్తవానిలో పల్నాడు జిల్లాయని ఒకే యింటికి రెండు జిల్లాలు కానవచ్చుచున్నవి. తెలుగున ఒక్కతీరున వ్రాయబడు గురజాల ఆంగ్లలిపిలో ఒక పత్రమున ఒక యక్షరముతోను మఱియొక దానిలో మఱియొక యక్షరముతోను నుండును. పులిచింతల జలాశయమున మునిగిన కొల్లూరు వంటి గ్రామములవారి సంగతి ఇంకను బాధాకరము: ఒకనాడు వజ్రపు గనులకు లోకప్రసిద్ధమైన యా యూరు నేడు నీటి యడుగున నుండగా, పాత పత్రములలోని ఆ పేరు తప్ప అక్కడివారికి తమ గడపకు వేఱు ఆనవాలు లేదు.

చిరునామా యొక సౌకర్యము మాత్రమే కాదు, హక్కునకు మూలము కూడ. 2010లో ప్రజాప్రాతినిధ్య చట్టమునకు చేసిన సవరణచే, పరదేశమున నున్న భారతపౌరుడు తన పాస్‌పోర్టులోని స్వదేశపు చిరునామా యే నియోజకవర్గమున గలదో, అక్కడ ఫారము 6ఏ ద్వారా ఓటరుగా నమోదు కావచ్చును. పోలింగునాడు అసలు పాస్‌పోర్టుతో స్వయముగా పోయి ఓటు వేయవలెను. అనగా మాచర్లలో గాని వినుకొండలో గాని మన మాటకు చోటిచ్చునది పాస్‌పోర్టులోని ఆ చిరునామాయే. ఆధార్ సంఖ్య తనంత తానుగా పౌరసత్వమునకు గాని స్థిరనివాసమునకు గాని ప్రమాణము కాదని 2016 నాటి ఆధార్ చట్టమే చెప్పుచున్నది గనుక, ఒక్క కార్డును నమ్మి తక్కిన పత్రములను చెదలపాలు చేయుట తగదు.

కావున సభ్యులకు నా మనవి యిది: రాబోవు సంక్రాంతికి ఊరు పోయినప్పుడు, చుట్టాల పలకరింపులు ముగిసిన పిమ్మట, ఒక పూట తల్లిదండ్రుల చెంత కూర్చుండి ట్రంకుపెట్టె తెఱపింపుడు. కరెంటు బిల్లు, ఇంటిపన్ను రసీదు, పాస్‌బుక్కు, ఆధార్ నాల్గింటను పేరు, ఊరు, జిల్లా ఒక్కతీరున నున్నవో లేవో చూడుడు. గతించినవారి పేర నున్న కరెంటు బిల్లును, ఇంటిపన్ను రసీదును, మరణ ధ్రువపత్రముతో గ్రామ సచివాలయమునకు పోయి, ఆ యింట నున్నవారి పేరకు మార్పింపుడు. 2023 నుండి కుటుంబపెద్ద సమ్మతితోను, బంధుత్వము తెలుపు పత్రముతోను ఆధార్ చిరునామా మార్చుకొను వీలు కలదు. ఆ మార్గమును మీ యింటి స్త్రీలకు తెలుపుడు. కౌలుకు, కూలికి వచ్చి మీ యింటిలోనో దొడ్డిలోనో కాపురమున్న కుటుంబములకు అద్దె ఒప్పందము వ్రాసి యిచ్చుటకు జంకకుడు. మన సంతకము లేనిచో వారి బిడ్డలకు చిరునామాయే లేకపోవచ్చును.

మా యింటి కరెంటు బిల్లు నా తల్లి పేర మొదటిసారి వచ్చిననాడు, చెల్లెలు దానిని చదివి వినిపింపగా, ఆమె తన పేరును మఱల నొకసారి చదివించుకొని, ఆ కాగితమును దేవుని గూటిలో పెట్టినదట.