‘పవిత్ర యుద్ధం’ కర్తృత్వం: వీగిపోయిన అపవాదు

హిట్లర్ సేనలు సోవియట్ భూమిపై దాడి చేసిన రెండు రోజులకే, 1941 జూన్ 24న, ‘ఇజ్వెస్తియా’, ‘క్రాస్నయా జ్వెజ్దా’ పత్రికలలో అచ్చయిన వసీలీ లెబెదెవ్-కుమాచ్ గేయం ‘పవిత్ర యుద్ధం’ రష్యన్ సైనిక గీతాలలో అగ్రగణ్యమైనది. ఆ గేయం ఆయనది కాదన్న అపవాదు న్యాయస్థానంలో వీగిపోయి పాతికేళ్లు దాటినా, నేటికీ అది నిర్ధారిత సత్యంగా చెలామణి కావడం సాహిత్య పత్రికలు సిగ్గుపడవలసిన సంగతి.

ఎర్రసేన గాయక బృంద నాయకుడు అలెగ్జాండర్ అలెగ్జాండ్రోవ్ వెంటనే కట్టిన బాణీలో ఈ పాట జూన్ 26న మాస్కోలోని బెలరూస్కీ రైల్వే స్టేషనులో, యుద్ధరంగానికి బయలుదేరుతున్న సైనికుల ఎదుట వినిపించింది. కవాతు పాటలు సాధారణంగా ఎడమ, కుడి అడుగులకు సరిపడే రెండు లేదా నాలుగు లెక్కల తాళంలో నడుస్తాయి. ఇది మాత్రం మన సంగీతజ్ఞులు తిస్రమనే మూడు లెక్కల నడకలో సాగడం వలన, లెక్కకొక అడుగు వేసేవారికి ఊనిక ఒకసారి ఎడమకాలిపైన, మరొకసారి కుడికాలిపైన పడి, ఉత్సాహానికి బదులు భారమైన పట్టుదల పలుకుతుంది. తొలి నెలలలో విరివిగా ప్రసారం కాని ఈ పాట, శత్రువు మాస్కోను సమీపించిన అక్టోబరు మధ్య నుండి ప్రతి ఉదయం రేడియోలో మోగింది.

సోవియట్ వ్యవస్థ కూలిన తరువాత, ఈ గేయాన్ని మొదటి ప్రపంచయుద్ధ కాలంలో, 1916లో, రీబిన్స్క్ పట్టణపు ఉపాధ్యాయుడు అలెగ్జాండర్ బొదే రాశాడనీ, లెబెదెవ్-కుమాచ్ అపహరించాడనీ కొందరు పత్రికలకెక్కారు. బొదే 1939లోనే మరణించాడు. ఆధారమల్లా ఆయన కుమార్తె చెప్పిన జ్ఞాపకమే తప్ప, 1916 నాటి రాతప్రతి గాని అచ్చుప్రతి గాని ఎవరూ చూపలేదు. లెబెదెవ్-కుమాచ్ కొట్టివేతలతో, దిద్దుబాట్లతో రాసుకున్న చిత్తుప్రతి మాత్రం భద్రంగా ఉంది. 1998లో ‘నెజావిసిమయా గజెతా’ దినపత్రిక ఈ ఆరోపణను ప్రచురించగా, కవి వారసులు దావా వేశారు. 1999 డిసెంబరులో మాస్కో న్యాయస్థానం అది అసత్యమని తీర్పు చెప్పింది, మరుసటి ఏడు ఆ పత్రిక ఖండన ప్రచురించింది.

ఇతర రచనల విషయంలో లెబెదెవ్-కుమాచ్‌పై గ్రంథచౌర్యపు ఆరోపణలు ఆయన జీవితకాలంలోనే వచ్చిన మాట నిజం. అవి ఈ గేయానికి సాక్ష్యం కాజాలవు. స్టాలిన్ కాలపు ఆస్థానకవి అన్న ఏవగింపే ఇక్కడ ఆధారాల స్థానాన్ని ఆక్రమించింది. రాజకీయాలు నచ్చని కవిని విమర్శించవచ్చును గాని, ఆయన రాసిన పాటను మరొకరి ఖాతాలో వేయడం విమర్శ కాదు, దోపిడీ. ఆ అపవాదును మళ్లీ అచ్చు వేయదలచిన సంపాదకులు 1999 నాటి తీర్పును కూడా అదే పుటలో, అంతే పెద్ద అక్షరాలతో అచ్చు వేయాలి.