చవక నగరం ఎవరికి చవక? న్యూయార్క్, హ్యూస్టన్‌ల లెక్క

1913లో న్యూయార్క్‌లో దిగిన అంబేడ్కర్‌కు ఉన్న ఆధారం బరోడా సంస్థానం ఇచ్చిన స్కాలర్‌షిప్. నెలకు పదకొండున్నర పౌండ్లు. గది అద్దె, తిండి, పుస్తకాలు, ఇంటికి పంపే డబ్బు అన్నీ అందులోంచే. ఇప్పుడు అమెరికా వెళ్లే దళిత విద్యార్థి కూడా అదే లెక్కతో మొదలుపెడుతున్నాడు. ఏ యూనివర్సిటీ అనేదాని కంటే ముందు ఏ ఊరు అన్నది తేల్చుకోవాల్సి వస్తోంది.

"న్యూయార్క్‌లో బతకలేవు, టెక్సాస్ చవక" అని కన్సల్టెన్సీలు, తెలిసినవాళ్లు చెప్పేస్తారు. ఇందులో సగమే నిజం. అమెరికాలో మొదటి పెద్ద నగరం న్యూయార్క్‌ను, నాలుగో పెద్ద నగరం హ్యూస్టన్‌ను పక్కపక్కన పెట్టి మిగతా సగం చూద్దాం.

అద్దె, రవాణా, కరెంటు

అద్దెలో హ్యూస్టన్ చవక అన్నది కాదనలేం. మాన్‌హట్టన్‌లో సగటు అద్దె 4 వేల డాలర్లు దాటింది. హ్యూస్టన్‌లో ఒక బెడ్‌రూమ్ ఫ్లాట్ 1,200, 1,300 డాలర్ల ప్రాంతంలో దొరుకుతుంది. అయితే న్యూయార్క్‌లో దాదాపు 10 లక్షల ఇళ్లకు అద్దె ఏటా ఎంత పెంచవచ్చో ఒక బోర్డు నిర్ణయిస్తుంది. టెక్సాస్‌లో అలాంటి అదుపు లేదు. లీజు ముగిసిన రోజు యజమాని ఎంత అడిగితే అంత.

న్యూయార్క్‌లో సబ్‌వే రాత్రీ పగలూ నడుస్తుంది. 2026 జనవరి నుంచి టికెట్ 3 డాలర్లు. కారు లేకుండా ఏళ్లకేళ్లు బతకొచ్చు. హ్యూస్టన్‌లో బస్సు టికెట్ 1.25 డాలర్లే. కానీ ఊరు 600 చదరపు మైళ్లకు పైగా పరుచుకుని ఉంది. కారు లేకపోతే పనికీ, సరుకులకూ, ఆసుపత్రికీ పోవడం కష్టం. కారు వాయిదా, ఇన్సూరెన్స్, పెట్రోలు, రిపేర్లు కలిస్తే అద్దెలో మిగిలినదాంట్లో పెద్ద భాగం అటే పోతుంది.

చలికాలంలో ఇంటిని వెచ్చగా ఉంచడం న్యూయార్క్‌లో ఇంటి యజమాని చట్టబద్ధ బాధ్యత. హ్యూస్టన్ ఎండలకు ఏసీ బిల్లు మాత్రం సాధారణంగా కిరాయిదారుడి నెత్తినే పడుతుంది. 2024 జూలైలో బెరిల్ తుఫానుకు ఆ ప్రాంతంలో 20 లక్షలకు పైగా కనెక్షన్లకు కరెంటు పోయింది. చాలామంది రోజుల తరబడి చీకట్లో ఉన్నారు. ఫ్రిజ్‌లో పాడైన తిండి, పోయిన రోజు కూలి ఏ జీవన వ్యయ సూచీలోనూ కనపడవు.

కూలి ఎంత, జబ్బు చేస్తే ఎంత

న్యూయార్క్‌లో కనీస వేతనం 2026 జనవరి నుంచి గంటకు 17 డాలర్లు. హ్యూస్టన్‌లో 2009 నుంచీ కదలని 7.25 డాలర్లే. చాలా చోట్ల అంతకంటే ఎక్కువే ఇస్తారు, కానీ చట్టం హామీ ఇచ్చేది అంతవరకే. నగరం తనంతట తాను పెంచుదామన్నా రాష్ట్ర చట్టం ఒప్పుకోదు. వారానికి 40 గంటలు ఆ కనీస వేతనానికి పనిచేస్తే నెలకు వచ్చేది సుమారు 1,250 డాలర్లు. అంటే చవక నగరంలో నెల జీతమంతా ఒక బెడ్‌రూమ్ అద్దెకే సరి.

టెక్సాస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదన్నది పెద్ద ఆకర్షణ. అది ఎక్కువ జీతగాడికి పెద్ద లాభం, తక్కువ కూలివాడికి నామమాత్రం. వస్తువు కొన్న ప్రతిసారీ కట్టే అమ్మకపు పన్ను రెండు చోట్లా ఇంచుమించు ఒకటే. న్యూయార్క్‌లో 8.875 శాతం, హ్యూస్టన్‌లో 8.25 శాతం. పేదల ఆరోగ్య పథకం మెడికెయిడ్‌ను టెక్సాస్ విస్తరించలేదు. దేశంలో ఆరోగ్య బీమా లేనివాళ్ల శాతం ఎక్కువగా ఉన్న రాష్ట్రం అదే.

చవకదనం ఖర్చు ఎవరిది

కులం మన దగ్గర వాడను ఎలా నిర్ణయించిందో అమెరికాలో జాతి అలాగే నిర్ణయించింది. 1979లో సామాజిక శాస్త్రవేత్త రాబర్ట్ బుల్లార్డ్ హ్యూస్టన్‌లో చెత్త ఎక్కడ పోస్తున్నారో లెక్క తీశారు. నగరపాలక సంస్థకు చెందిన ఐదు చెత్తకుప్పలూ నల్లజాతి పేటల్లోనే ఉన్నాయి. నగర జనాభాలో వాళ్లు నాలుగో వంతు మాత్రమే. ఆ పేటల్లో అద్దె ఎందుకు తక్కువో వేరే చెప్పనక్కర్లేదు. ఊరి చివర వెలివాడ ఉన్న మనకు అది అర్థమవుతుంది.

న్యూయార్క్ కూడా పుణ్యక్షేత్రమేమీ కాదు. 2010, 2020 జనగణనల మధ్య అక్కడ నల్లజాతి జనాభా 80 వేలకు పైగా తగ్గింది. అద్దెలు భరించలేక దక్షిణాది రాష్ట్రాలకు వెళ్లిపోయినవాళ్లు అందులో చాలామంది. ఒక నగరం అద్దెతో తరిమితే, ఇంకో నగరం తక్కువ కూలితో, బీమా లేని జీవితంతో చేర్చుకుంటోంది.

మన స్కాలర్‌షిప్ సంగతి

ఈ లెక్క మనకు నేరుగా తగిలేది ఇక్కడే. కేంద్ర ప్రభుత్వ నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ కింద ఎస్సీ విద్యార్థికి ఫీజు కాక అమెరికాలో జీవన భృతి ఏడాదికి ఒకే మొత్తం. న్యూయార్క్ అయినా, హ్యూస్టన్ అయినా అంతే. హ్యూస్టన్‌లో ఇద్దరు ముగ్గురు కలిసి ఉంటే ఇరుకుగా గడుస్తుంది. న్యూయార్క్‌లో గది అద్దె కట్టాక తిండికి వెతుక్కోవాలి. విద్యార్థి వీసా మీద చదువు రోజుల్లో క్యాంపస్‌లో వారానికి 20 గంటలకు మించి పనిచేయకూడదు. అప్పు తేవడానికి వెనక పొలమూ లేదు, తాకట్టు పెట్టడానికి ఇల్లూ లేదు. ఇక ఆ విద్యార్థి కొలంబియాలో సీటు వచ్చినా వదులుకోక ఏం చేస్తాడు?

తెలంగాణ అంబేడ్కర్ విదేశీ విద్యానిధి ఇచ్చే 20 లక్షలదీ అదే కథ. ఏ నగరమైనా ఒకటే మొత్తం, అదీ రూపాయల్లో. డాలర్ పెరిగిన ప్రతిసారీ ఆ సాయం కరిగిపోతుంది.

ఊరిని బట్టి ఖర్చు మారుతుందని ప్రభుత్వానికి తెలియక కాదు. తన ఉద్యోగులకు ఇంటి అద్దె భత్యం ఇవ్వడానికి నగరాలను ఎక్స్, వై, జెడ్ అని మూడు తరగతులు చేసింది తానే. హైదరాబాద్ ఉద్యోగికీ చిన్న పట్టణ ఉద్యోగికీ ఒకే భత్యం ఇస్తే అన్యాయమని ఒప్పుకున్న ప్రభుత్వం, న్యూయార్క్ విద్యార్థి దగ్గర ఆ న్యాయాన్ని ఎందుకు మరిచిపోతోంది?

విద్యార్థి సంఘాలు ఇప్పుడు అడగాల్సినవి రెండే. భృతిని నగరం వారీగా నిర్ణయించాలి, ఏటా సవరించాలి. అంతవరకూ సీటు వచ్చినవాళ్లు అద్దె ఒక్కటే చూసి ఊరు ఎంచుకోవద్దు. కారు, కరెంటు, ఆరోగ్య బీమా కూడా కలిపి లెక్క వేసుకోండి. ఆ లెక్కల కాగితాలను దాచిపెట్టి సంఘాలకు ఇవ్వండి. మంత్రిత్వ శాఖ ముందు పెట్టడానికి అంతకంటే గట్టి వినతిపత్రం లేదు.