తప్పు వంటింటిది కాదు

అమెరికాలో 2017–2020 లెక్కల ప్రకారం 2–19 ఏళ్ల వారిలో స్థూలకాయం 19.7 శాతం. స్పానిష్ మాట్లాడే దేశాల మూలాలున్న హిస్పానిక్ పిల్లల్లో 26.2, తెల్లవారి పిల్లల్లో 16.6. ఈ తేడాను హిస్పానిక్ తల్లుల వంటకు అంటగట్టడం తేలిక. కానీ వాళ్లు చేసే మొక్కజొన్న రొట్టె (టోర్టియా), ఉడికించిన బీన్స్ ఏ పాపమూ ఎరగవు. వాటి పక్కన చేరిన సోడా సీసా, చిప్స్ పొట్లం సంగతే చూడాలి. రెండు షిఫ్టులు చేసే ఇంటికి చవగ్గా, చేతికందేవి అవే.

పేద తల్లీపిల్లలకు ఆహారం అందించే విక్ పథకం 2009లో జ్యూస్ తగ్గించింది. పళ్లకు, కూరగాయలకు వోచర్లిచ్చింది. బ్రెడ్డు బదులు టోర్టియా తీసుకోనిచ్చింది. ఆ పథకంలోని 2–4 ఏళ్ల పిల్లల్లో స్థూలకాయం 2010లో 15.9 శాతం, 2014కి 14.5. ఘనతంతా ఈ మార్పుదే అనలేం. అయినా తల్లికి సుద్దులు చెప్పేకన్నా సరుకుల జాబితా సరిదిద్దడమే మేలని మా నమ్మకం. ఈ సంచిక వ్యాసాలు ఆ కోణంలోనే చదవండి.

— సంపాదకుడు